మూడున్నర లక్షల కోర్సుకి ముందు ఒక్క కాగితం

ప్రశ్న: నమస్తే సార్. నాకు 36 ఏళ్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. బొల్లారం వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో 11 ఏళ్లుగా ఉన్నాను. కెమిస్టుగా చేరి షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయ్యాను. ఎనిమిది నెలల కింద ఒక ప్రొడక్షన్ బ్లాక్ మొత్తం నా చేతికిచ్చారు. మూడు షిఫ్టులు కలిపి 26 మంది. నాతో పాటు చేరిన మిత్రుడు ఇప్పుడు నా కింద షిఫ్ట్ ఇన్‌చార్జ్. ఈ పోస్టు తనకొస్తుందనుకున్నాడు. ఏమీ అనడు. కానీ నిన్నటిదాకా 'అరేయ్' అన్నవాడు మీటింగులో "మీరెట్లంటే అట్లే సార్" అంటున్నాడు. ఆ 'సార్' గుచ్చుకుంటుంది. ఇంకొకాయన సీనియర్ ఆపరేటర్, 52 ఏళ్లు. నేను కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది ఆయనే, 'అన్నా' అనే పిలుస్తాను. బీఎంఆర్‌లో (ఒక్కో బ్యాచ్ ఎలా తయారైందో రాసే రికార్డులో) రీడింగులు ఎప్పటికప్పుడు రాయమంటే వినడు, షిఫ్ట్ చివర్లో కూర్చుని ఒకేసారి నింపుతాడు. గట్టిగా చెప్పలేకపోతున్నాను. రాత్రిళ్లు ఫోన్లు వస్తుంటాయి, ఒక్కోసారి బండేసుకుని వెళ్తాను.

అప్రైజల్లో మా జీఎం 'లీడర్‌షిప్ క్వాలిటీస్ పెంచుకోవాలి' అని రాశారు. హెచ్‌ఆర్ వాళ్లు శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టులో మూడు రోజుల ట్రైనింగుకి పంపారు. బాగానే ఉంది. స్ట్రాలతో టవర్ కట్టించారు, సర్టిఫికెట్ ఇచ్చారు. వచ్చాక మాత్రం ఏమీ మారలేదు. ఇప్పుడు శని, ఆదివారాల్లో నడిచే ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సు ఒకటి చూశాను. ఫీజు మూడున్నర లక్షలు, ఈఎంఐ ఉంది. మా ఆవిడకి ఇష్టం లేదు. చేరమంటారా? అసలు లీడర్‌షిప్ నేర్చుకుంటే వస్తుందా, పుట్టుకతోనే ఉండాలా? నా ఇంగ్లిష్ కూడా అంతంత మాత్రమే.
— పేరు వద్దు, నిజాంపేట

సమాధానం:

ఇప్పుడే చేరకండి. ఎప్పుడు చేరొచ్చో చివర్లో చెప్తాను.

మిత్రుడి 'సార్' గురించి అంత వివరంగా రాశారు, టవర్ గురించి రాశారు. రాత్రి ఫోన్ల సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. ముప్పై ఏళ్లు ప్లాంట్లలో బతికినవాణ్ణి. రాత్రి ఎన్ని ఫోన్లు వస్తున్నాయో చెబితే ఆ బ్లాక్ ఎలా నడుస్తోందో చాలావరకు చెప్పగలను.

దానికంటే ముందు, మీకు బాగా తెలిసిన విషయంతో మొదలుపెడదాం. మీ బ్లాక్‌లో డీవియేషన్, అంటే రాసి ఉన్న పద్ధతికో లిమిట్‌కో తేడా, వచ్చిందనుకోండి. డ్రయ్యర్‌లోంచి తీసిన మెటీరియల్‌లో తేమ లిమిట్ దాటింది. ఇన్వెస్టిగేషన్‌లో 'కారణం: మానవ తప్పిదం. కాపా: ఆపరేటర్‌కి రీట్రైనింగ్' అని రెండు లైన్లు రాసి పంపితే (కాపా అంటే తప్పు సరిదిద్ది, మళ్లీ రాకుండా చూసే చర్య) మీ క్యూఏ, అంటే నాణ్యత చూసే విభాగం, ఒప్పుకుంటుందా? వెనక్కి కొడుతుంది. కొట్టకపోతే ఆడిట్‌కి వచ్చినవాళ్లు పట్టుకుంటారు. వాక్యూమ్ సరిగా వచ్చిందా, శాంపిల్ ఎక్కణ్ణుంచి తీశారు, షిఫ్ట్ మారేటప్పుడు ఎవరు ఎవరికి ఏం చెప్పారు, ఇవన్నీ అడుగుతారు. ట్రైనింగ్ రికార్డు మీద సంతకం పడినంత మాత్రాన తేమ తగ్గదని మీకూ తెలుసు.

మీ విషయంలో జరిగిందీ అదే. 'లీడర్‌షిప్ తక్కువ' అని కారణం రాశారు, రిసార్టులో మూడు రోజులు అని కాపా రాశారు, ఫైలు మూసేశారు. అసలు కారణం ఎవరూ వెతకలేదు. ఇప్పుడు మీరు అదే కాపాని సొంత డబ్బుతో ఇంకాస్త పెద్దగా చేయబోతున్నారు.

కారణం ఏమై ఉంటుందో నాకు తోచింది చెప్తాను. మీకు ప్రమోషన్ ఎందుకొచ్చింది? మీ చేతి పని బాగుంటుంది కాబట్టి. ఏ రియాక్టర్ ఎక్కడ మొండికేస్తుందో, ఏ బ్యాచ్ ఏ దశలో చిక్కబడుతుందో మీకు తెలుసు కాబట్టి. కానీ ప్రమోషన్ వచ్చిన రోజుతో ఉద్యోగమే మారిపోయిందని మీకెవరూ చెప్పలేదు. బ్యాచ్ బాగా తీయడం ఇదివరకు మీ పని. బ్యాచ్ బాగా తీసే మనుషుల్ని తయారుచేయడం ఇప్పుడు మీ పని. మీరింకా పాత ఉద్యోగమే చేస్తున్నారు. కాకపోతే అప్పుడు ఒక షిఫ్టు చేసేవారు, ఇప్పుడు మూడు చేస్తున్నారు.

నేనూ ఇదే చేశాను. కొత్తగా బ్లాక్ ఇచ్చిన రోజుల్లో సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) దగ్గర ఏదో ఇరుక్కుంటే ఆపరేటర్‌ని పక్కకి జరిపి నేనే చేతులు పెట్టేవాణ్ణి. గొప్పగా అనిపించేది కూడా. ఒకరోజు ఒక పెద్దాయన గోడకి ఆనుకుని చూస్తూ చూస్తూ, "సార్, మీరు చేసేది నేను చూడాల్నా, నేను చేసేది మీరు చూడాల్నా? జీతమైతే నాకు చేసేదానికే ఇస్తుండ్రు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు కోపమొచ్చింది. ఆ కోపం తగ్గడానికి వారం పట్టింది, ఆ మాట అర్థమవడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఇక కాగితం. ఈ ఆదివారం ఒక తెల్ల కాగితం తీసుకుని, గత నెలలో రాత్రి వచ్చిన ఫోన్లు గుర్తున్నంత వరకు రాయండి. ఎవరు చేశారు, ఏం అడిగారు, మీరేం చెప్పారు. తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, ఏ గంటకైనా మిమ్మల్ని లేపాల్సినవి. టెంపరేచరో, ప్రెషరో లిమిట్ దాటడం, సాల్వెంట్ లీక్, ఎవరికైనా దెబ్బ తగలడం, రియాక్షన్ మధ్యలో ఉండగా కూలింగ్ పోవడం. వీటిలో కూడా ఫోన్ మొదటి పని కాదు. రియాక్టర్‌లోకి మెటీరియల్ వేయడం ఆపడం, ఎస్‌ఓపీలో (పని పద్ధతి రాసిన కాగితంలో) ఉన్న జాగ్రత్త తీసుకోవడం ముందు, ఫోన్ తర్వాత. "సార్‌ని అడిగి ఆపుదామనుకున్నా" అనే మాట ఏ ప్లాంటులోనూ వినకూడదు. ఆపడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదని, అనవసరంగా ఆపినా మీరు తిట్టరని మీ నోటితో అందరికీ చెప్పండి. ఈ ఒక్క విషయంలో నేను మెతకగా మాట్లాడను.

రెండో కుప్ప, షిఫ్ట్ ఇన్‌చార్జ్ తనే తేల్చి పొద్దున మీకు చెప్పాల్సినవి. హెల్పర్ రాలేదు, గోడౌన్ నుంచి డ్రమ్ములు లేటయ్యాయి, క్యూసీ ల్యాబ్‌లో శాంపిల్ పరీక్ష కోసం క్యూలో ఉంది, ముందు ఏ సెంట్రిఫ్యూజ్ దింపాలి. మీ ఫోన్లలో ఎక్కువ భాగం ఈ కుప్పలోనే పడతాయని నా అనుమానం. మూడోది, మీకు అసలు చెప్పనక్కర్లేనివి. వీటన్నిటికీ బయట ఇంకొకటుంది. బీఎంఆర్‌లో రాసి ఉన్న లిమిట్లు. వాటిని మార్చే అధికారం వాళ్లకీ లేదు, మీకూ లేదు. అది క్యూఏతో తేలాల్సిన వ్యవహారం.

ఈ కుప్పలు మీరొక్కరే ఫైనల్ చేయకండి. ముగ్గురు షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లనీ కూర్చోబెట్టి తేల్చండి. ఏది ఎందులో పడాలో వాదించుకోనివ్వండి. మీరు రిసార్టులో కట్టిన టవర్ కంటే ఈ వాదన ఎక్కువ ట్రైనింగ్, మీకూ వాళ్లకీ.

తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగుతుంది, రెండో కుప్పలో విషయం. మీ నాలుక చివర జవాబు ఉంటుంది. చెప్పకండి. "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడిగి ఊరుకోండి. అవతల కాసేపు ఏమీ వినపడదు. ఆ నిశ్శబ్దం భరించడం మీకు టెన్షనే. వాళ్లకి తోచింది చెప్పాక, అది మీ పద్ధతి కాకపోయినా, ప్రమాదం లేకపోతే "సరే, అట్లే చెయ్" అనండి. ఒక్కోసారి తప్పు చేస్తారు, గంటో రెండు గంటలో పోతుంది. పొద్దున్నే అందరి ముందు "ఎవరు చెప్పిండ్రు ఇట్ల చేయమని" అన్నారో, ఆ రాత్రి నుంచే ఫోన్లు మళ్లీ మొదలవుతాయి.

అందరితో ఒకే తీరుగా ఉండాలని కూడా లేదు. రెండేళ్ల కిందట చేరిన కుర్రాడికి విడమర్చి చెప్పాలి, పదేళ్ల అనుభవమున్నవాడికి చెప్పడమే అవమానం. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ అనే ఇద్దరు అమెరికన్లు 1969లో దీన్నొక సిద్ధాంతంగా పెట్టారు. ట్రైనింగుల్లో నాలుగు గళ్ల బొమ్మ వేసి చూపించేది చాలావరకు అదే. మీకూ చూపించే ఉంటారు. ఆ గళ్లలో మీ 26 మంది పేర్లు రాసుకోమని చెప్పి ఉంటే బాగుండేది.

ఇక 'అన్న' సంగతి. ఆయన్ని అన్నా అనడం మానకండి. మానితే ఊడిపడే అధికారం ఏమీ లేదు. అయితే బీఎంఆర్ విషయంలో మొహమాటం పనికిరాదు. జరిగింది జరిగినప్పుడే రాయాలి. ఎనిమిది గంటల రీడింగులు ఒకే సిరాతో, ఒకే ఒరవడిలో, అన్నీ గుండ్రటి అంకెల్లో ఉంటే ఆడిటర్ దాకా ఎందుకు, నాకే అనుమానమొస్తుంది. గుర్తుపెట్టుకుని రాసిన రీడింగు డేటా కిందికి రాదు. రేపు ఏదైనా బయటపడితే ఆ సంతకంతో ముందు ఇరుక్కునేది ఆయనే. ఈ మాట ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు, 'రాయాలి, రూలు' అని మాత్రమే చెప్పి ఉంటారు.

ఆయనతో మాట్లాడే ముందు ఒక పని చేయండి. ఆయన షిఫ్టులో గంటసేపు, ఏమీ అనకుండా, రియాక్టర్ దగ్గర నిలబడండి. బీఎంఆర్ ఎక్కడుంటోంది? ఆయన నిలబడే చోటు నుంచి అది ఎన్ని అడుగులు? గ్లవ్స్ ఎన్నిసార్లు విప్పాలి? నేను చూసిన ఒక బ్లాక్‌లో పేపర్లు తడుస్తాయని ఫైలు సూపర్‌వైజర్ గదిలో పెట్టేవారు. రీడింగ్ రియాక్టర్ మీద పై ఫ్లోర్‌లో, ఫైలు కింద గదిలో. అరగంటకోసారి మెట్లు దిగి ఎక్కమంటే మోకాళ్లు నొప్పులున్న మనిషి ఏం చేస్తాడు? అరచేతి మీద రాసుకుంటాడు, చివర్లో ఎక్కిస్తాడు. ఆ కేసులో ఏడాది పాటు అందరికీ రీట్రైనింగ్ ఇచ్చారు. చివరికి పైన ఒక చిన్న స్టాండ్ పెడితే గొడవ తీరింది. మీ దగ్గర కారణం వేరే కావచ్చు. కళ్లజోడు కావచ్చు, ఇంగ్లిష్‌లో రిమార్కులు రాయడానికి సిగ్గు కావచ్చు. "అన్నా, అప్పటికప్పుడు రాయడానికి నీకు అడ్డమొస్తున్నది ఏంది?" అని షిఫ్ట్ మొదలవక ముందు, ఒక్కడితో అడగండి. జవాబులో మీరు సరిచేయగలిగింది ఉంటే ఆ వారమే సరిచేయండి. సరిచేశాక కూడా పాత అలవాటే అయితే, అప్పుడు 'అన్నా' అంటూనే రాతపూర్వకంగా ఇవ్వండి. నేర్పినవాడికి మెమో ఇవ్వడం కష్టమే. నేనూ ఇచ్చాను. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

మిత్రుడి విషయం చిన్నది, కానీ మీరు వాయిదా వేస్తున్నారు. ఎనిమిది నెలలైంది, ఒక్కసారైనా ఆ విషయం నోటితో మాట్లాడుకున్నారా? మాట్లాడుకోలేదనే అనుకుంటున్నాను. దావత్‌లో రెండు పెగ్గుల తర్వాత ఎత్తకండి, ఆఫీసు గదిలో కుర్చీ వెనక కూర్చుని కూడా వద్దు. డ్యూటీ దిగాక ఎక్కడైనా చాయ్ బండి దగ్గర, ఇద్దరే. "ఇది నీకొస్తదనుకున్నవ్, నాకు తెలుసు. నీ జాగాల నేనున్నా బాధపడేటోణ్ణి. దాన్ని నేను మార్చలేను. బ్లాక్ మాత్రం నువ్వు లేకుంటే నాతోని కాదు" అనండి. ఆ చివరి మాట నిజమైతేనే అనండి. తర్వాత చేతల్లో చూపించండి. మీరు సెలవు పెట్టినప్పుడు బ్లాక్ ఎవరు చూస్తారు? కొత్త ప్రొడక్ట్ వస్తే మొదటి బ్యాచ్‌లు ఎవరి చేతిలో పెడతారు? అతనికి ఇవ్వండి. నెక్స్ట్ ప్రమోషన్ నీదే అని మాత్రం చెప్పకండి, అది మీ చేతిలో లేదు. అతను మళ్లీ అరేయ్ అంటాడని నేను గ్యారంటీ ఇవ్వలేను. కొన్ని స్నేహాలు ప్రమోషన్ తర్వాత అలాగే ఉండిపోతాయి.

జీఎం గారి దగ్గరికి కూడా వెళ్లాలి. పొద్దున ప్రొడక్షన్ మీటింగ్ వేడిలో వద్దు, సాయంత్రం ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లి, "సార్, అప్రైజల్లో మీరు రాసింది చదివాను. ఈ ఏడాదిలో నేను లీడర్‌షిప్ చూపించాల్సింది, చూపించలేకపోయింది, రెండు సందర్భాలు చెప్తారా?" అని అడగండి. ఆయన చెబితే మీకు కోర్సు కంటే విలువైంది ఉచితంగా దొరికినట్టు. తడబడితే, ఆ కాలమ్‌లో ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాశారని అర్థం, దాని కోసం మూడున్నర లక్షలు పెట్టక్కర్లేదు. అదే సమయంలో మీ కాగితం చూపించండి. ఎందుకంటే ఉదయం ఏడింటికి ఫోన్ చేసి "రాత్రి మూడో రియాక్టర్‌లో ఏమైంది?" అని మిమ్మల్నే అడిగే పెద్దమనిషి ఆయనే అయితే, అన్నీ మీకే తెలియాలన్న భయంతో మీరు కింద ఎవరికీ ఏదీ వదలరు. రాత్రి విషయాలు పొద్దున షిఫ్ట్ ఇన్‌చార్జే చెబుతాడని ఆయనతో ఒప్పించుకోండి.

నేను ట్రైనింగ్‌కి వ్యతిరేకిని కాదు. హైదరాబాద్‌లో ఉండి అలా అనడం తప్పు కూడా. ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీని చూసి మన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ 1956లో మొదలైంది, ఒకప్పటి బెల్లా విస్టా ప్యాలెస్‌లోనే ఇప్పటికీ ఉంది. వేర్వేరు సంస్థల అధికారుల్ని చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఒక సమస్య మీద కుస్తీ పట్టించడం ఆ హెన్లీ పద్ధతి. పాఠం చెప్పేవాడికంటే ఎదురు కుర్చీలోని వాడి దగ్గర ఎక్కువ నేర్చుకుంటారు. గచ్చిబౌలిలో ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్ 2001లో వచ్చింది, పనిచేసేవాళ్ల కోసం అక్కడా కోర్సులున్నాయి. మీరు వెళ్లిన రిసార్టు ట్రైనింగ్‌తో నా పేచీ ఏమిటంటే, అక్కడికి మీరు ఒక సమస్య పట్టుకుని వెళ్లలేదు, తిరిగొచ్చాక ఏం మారిందని ఎవరూ అడగలేదు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే ట్రైనింగ్‌ని నాలుగు మెట్ల మీద కొలవమన్నాడు: వాళ్లకి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, ఫలితం మారిందా. చివరి రోజు మీతో నింపించిన ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగి ఉంటుంది. భోజనానికి ఐదుకి ఐదు వేసి ఉంటారు.

పుట్టుకతో రావాలా, ఇంగ్లిష్ రావాలా అన్న రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు మన దగ్గరే ఉంది. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌కి రప్పించాడు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈగా ఉన్న చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో వాళ్లకి శిక్షణ ఇచ్చారు. సాధించాలన్న తపనని పెద్దవాళ్లలో కూడా పెంచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. సొంత లక్ష్యాలు రాసుకోవడం, వాటి దిశగా ఏం చేశామో చూసుకోవడం అందులో ముఖ్యభాగం. శిక్షణ తీసుకున్నవాళ్లు మిగతా వ్యాపారుల కంటే చురుగ్గా మారారని తేలింది. బొట్టు, పంచె, పాత నమ్మకాలు దానికి అడ్డు రాలేదని కూడా తేలింది. మీ ఆపరేటర్లు మీ ఇంగ్లిష్ కోసం ఎదురుచూడట్లేదు. జీఎంకి మెయిల్ రాసేంత ఉంటే ప్రస్తుతానికి చాలు.

మీ పరిశ్రమ చరిత్ర చూసినా అంతే. 1961లో పుట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వాళ్ల బాలానగర్ ప్లాంటులో పని నేర్చుకున్నవాళ్లు ఈ నగరంలో ఎన్ని కంపెనీలు పెట్టారో, నడిపారో మీకు తెలుసు. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టినవారే. వాళ్లలో చాలామంది షిఫ్టుల్లోనే నేర్చుకున్నారు.

కోర్సు ఎప్పుడంటే, ఆరు నెలల తర్వాత, ఫోన్లు తగ్గాక. అప్పుడు కూడా 'లీడర్‌షిప్' పేరు చూసి చేరకండి. మీకు ప్లాంటులో దొరకనిది లెక్క. కిలోకి ఎంత పడుతోంది, ఈల్డ్ (బ్యాచ్‌లో చేతికొచ్చే సరుకు) ఒక శాతం పెరిగితే కంపెనీకి ఎంత, గోడౌన్‌లో పడున్న మెటీరియల్‌లో ఎంత డబ్బు ఇరుక్కుంది, బడ్జెట్ ఎలా అడగాలి. అవి బాగా చెప్పే కోర్సైతే డబ్బు దండగ కాదు. చేరే ముందు, అంతకుముందు బ్యాచ్‌లో చదివిన ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమనండి. మీ సొంత బ్లాక్ సమస్య మీద ప్రాజెక్టు చేయనిస్తారా అడగండి. మీ కంపెనీని సగమైనా భరించమని అడగండి, ఇవ్వకపోతే పోయేదేమీ లేదు.

'మా ఆవిడకి ఇష్టం లేదు' అన్నారు, ఎందుకో రాయలేదు. అడిగారా? రాత్రి ఫోన్లకి పోయే మనిషి శని, ఆదివారాలు కూడా పోతే ఇంట్లో ఇక ఎప్పుడుంటాడన్నది ఆమె ప్రశ్న అయితే, ఈఎంఐ లెక్కతో దానికి జవాబు దొరకదు.

ఈ రోజు నుంచి వంటింటి క్యాలెండర్ మీద, రాత్రి పది దాటాక వచ్చిన ప్రతి ఫోనుకీ ఒక గీత పెట్టమని ఆమెకే చెప్పండి. రెండు నెలల గీతలు లెక్కపెట్టి నాకు రాయండి. కాగితం పని ఆదివారం చూసుకోవచ్చు గానీ, బీఎంఆర్ ఎక్కడ పెడుతున్నారో మాత్రం రేపు మొదటి షిఫ్టులోనే వెళ్లి చూడండి.